చిన్నాయన చెరిపేసిన పాటలు

ఆ మధ్య ఒక శుక్రవారం కువైట్‌లో తమిళ సంఘం వాళ్ళు ఒక స్కూలు హాల్లో పాత పాటల కార్యక్రమం పెట్టారు. మంగఫ్‌లో మేముండే బిల్డింగ్ కింద కిరాణా కొట్టు అద్దానికి పోస్టర్ అంటించారు. దాని మీద ముఖ్య అతిథి ఫోటో చూసి మా ఆయన, "ఎవరీ ముసలాయన?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ముసలాయనా? ఆ మనిషి తెర మీదికొస్తే మద్రాసు హాళ్ళలో కుర్చీలు విరిగేవి. నీకేం తెలుసు" అన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, నా పుట్టింటి హీరోని ఒక్క మాటంటే నేను ఊరుకోనని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఇంట్లోకి వెళ్ళగానే రాయచోటి దగ్గర మా ఊళ్ళో ఉన్న చిన్నాయనకు ఫోన్ చేశాను. చిన్నాయనంటే మా నాన్న తమ్ముడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో అరుగు దిగడు గానీ గొంతు మాత్రం ఆనాటిదే.

"ఏమ్మే, నిజమా? కువైట్‌కు వచ్చినాడా?" అని అరిచాడు. "టిక్కెట్టు తీస్కో. యెనక కూచ్చోవద్దు. ఫోను ఎత్తి పట్టుకో, నేను సూడాల."

వెళ్ళాను. ముందు వరసలోనే కూర్చున్నాను. ఆయన స్టేజీ ఎక్కాడు. నుదుటి మీద పడే ఆ ఉంగరాల జుట్టు లేదు, చెంపలు లోపలికి పోయాయి. భుజం మీద మాత్రం ఎర్ర తువ్వాలు ఉంది. నెరిసిన తలలవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు, పిల్లలు ఫోన్లలోంచి తలెత్తి మళ్ళీ దించుకున్నారు. ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక పాట మొదలుపెట్టారు. అది ఏ పాటో చెప్పేముందు మా చిన్నాయన కేసెట్టు గురించి చెప్పాలి. లేకపోతే నేను నిండు సభలో పనిగట్టుకుని ఎందుకు దగ్గానో మీకు అర్థం కాదు.

*

నా చిన్నతనం సల్వాలో గడిచింది. ఒక కువైటీ ఇంట్లో మా నాన్న డ్రైవరు, అమ్మ వంటమనిషి. ఇంటావిడను అందరు పనివాళ్ళలాగే అమ్మ కూడా 'మామా' అనేది. ఆమె చిన్న కూతురికి ఆడుకునే తోడు కావాలని నన్ను కూడా పిలిపించింది. కార్ల షెడ్డు వెనక ఒక గది మాది. పగలు ఆ గదికి పెద్దింటి వాసనలు వచ్చేవి. మసాలా అన్నం ఉడికే వాసన, అతిథులు వచ్చినప్పుడు వేసే సాంబ్రాణి లాంటి బుఖూర్ పొగ. సాయంత్రం అమ్మ మా స్టవ్ మీద చెనిక్కాయలు వేయించి ఊరిబిండి పచ్చడి నూరిందంటే ఆ వాసనలన్నీ తోక ముడిచేవి. ఊరి నుంచి ఎవరు వచ్చినా రాగిపిండి తెచ్చేవారు. సంగటి ముద్ద చేసిన రోజు నాన్న రెండు మాటలు ఎక్కువ మాట్లాడేవాడు. ఆయన మామూలుగా మాట్లాడే మనిషి కాదు.

ఆ లోటు చిన్నాయన తీర్చేవాడు. ఆయన సబ్హాన్‌లో ఒక గ్యారేజీలో టైర్లు మార్చే పని చేసేవాడు. గురువారం సాయంత్రానికి గ్రీజు వాసనతో మా గదిలో దిగేవాడు. చంకలో రేడియో, టేపు కలిసిన పెద్ద టూ ఇన్ వన్, చొక్కా జేబులో ఒక్క కేసెట్టు. పెళ్ళి కాలేదు, పెళ్ళి మాట ఎత్తితే కేసెట్టు పెట్టేవాడు.

కువైట్ రాకముందు చిన్నాయన మద్రాసులో టిఫిను హోటల్లో పనిచేశాడు. అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. ఆ హీరో తొలి సినిమాలో పడవ నడిపేవాడు. తలకు ఎర్ర తువ్వాలు చుట్టి, నదిలో తెడ్డు వేస్తూ 'ఏలేలో' అని సాగదీసి పాడతాడు. మోకాలి లోతు నీళ్ళు చూస్తేనే పండగ చేసుకునే ఊరు మాది. చిన్నాయన ఆ నదిని చూడ్డానికే హోటలు యజమాని చేత తిట్లు తిని మరీ మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాడట. ఆ సినిమాలు తెలుగులోకి డబ్బింగయి మా రాయచోటికీ వచ్చేవి గానీ ఆ పాటలు ఆయనకు పనికిరావు. అసలైన తమిళ పాటలే కావాలి.

"అర్థం గాని పాటకు ఆ ఊగేదేందిరా?" అని నాన్న ఎగతాళి చేసేవాడు.

"నీకు రేడియోలో అరబ్బీ వార్తలు అర్థమైతాండాయా? అయినా ఇంటాండావు గదా" అనేవాడు చిన్నాయన.

ఆ కేసెట్టు అంగట్లో దొరికేది కాదు. కువైట్‌కు వచ్చేముందు మద్రాసులో ఒక రికార్డింగ్ షాపువాడి పక్కన కూర్చుని, తనకు కావలసిన పాటలను తనకు కావలసిన వరసలో ఎక్కించుకున్నాడు. పడవ పాటతో మొదలు. తర్వాత అమ్మ మీద పాడిన పాట, ఆ సినిమాతోనే ఆయన పెద్ద హీరో అయ్యాడు. ఆ తర్వాత ప్రేమ పాటలు, తిరునాళ్ళ పాటలు. రెండో వైపు చివరికి వచ్చేసరికి ఆయన కోటూ బూటూ వేసుకుని హోటళ్ళలో గిటారుతో పాడే పాటలు. ఒక మనిషి ఎక్కిన మెట్లూ దిగిన మెట్లూ ఆ కేసెట్టులో వరసగా వినపడేవి. "ఎర్ర తువ్వాలు తీసి కోటు తొడిగినాడు, ఆడ చెడింది" అని చిన్నాయన ప్రతిసారీ నిట్టూర్చేవాడు. అయినా ఆ కోటు పాటలు ఎక్కించడం మానలేదు. దిగినప్పుడు వదిలేస్తే అభిమానం ఎట్లా అవుతుంది అనేవాడు.

కేసెట్టు వీపున రెండు చిన్న పళ్ళుంటాయి. అవి విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ ఏమీ రికార్డు చేయలేరు. షాపులోంచి బయటికి రాకముందే చిన్నాయన ఆ పళ్ళు విరిచేశాడు.

ఇలా ఎందుకంటే, గల్ఫులో మా వాళ్ళకు కేసెట్టే ఉత్తరం. రాయడం రానివాళ్ళు, వచ్చినా చేయి తిరగనివాళ్ళు, ఏ పాటల కేసెట్టు దొరికితే దాని మీద మాట్లాడి ఊరికెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చేవారు. ఇంటి దగ్గర విని, దాని మీదే తిరిగి మాట్లాడి పంపేవారు. కోళ్ళ కూతలు, పక్కింటి కొట్లాటలు అన్నీ వినపడేవి. చిన్నాయన కేసెట్టు మీద ఎవరి కన్నూ పడకూడదు, అంతే.

ఒక శుక్రవారం మా గదిలో వీడియో పెట్టి పడవ సినిమా వేశారు. చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసే కడప, రాయచోటి వాళ్ళందరూ చేరారు. హీరో తెర మీదికి రాగానే చిన్నాయన పళ్ళెంలో కర్పూరం వెలిగించి టీవీకి హారతి పట్టాడు. పొగ చూసి మంటలంటుకున్నాయని మామా చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. విషయం అర్థమయ్యాక, "ఈయన మీ దేవుడా?" అని అడిగింది. "లేదు మామా, దేవుడు గుళ్ళో ఉంటాడు. ఈయన మా హీరో" అన్నాడు చిన్నాయన, ఏ మాత్రం సిగ్గుపడకుండా. ఆమె నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకుని నిలబడింది.

*

ఆ వేసవిలో మామా వాళ్ళు ఎండలకు తాళలేక అలవాటు ప్రకారం విదేశానికి వెళ్ళారు. తాళాల గుత్తి అమ్మ చేతిలో పెట్టి, "ఇల్లు నీదే" అని చెప్పి వెళ్ళారు. తర్వాత కొద్ది రోజులకే ఇరాక్ సైన్యం వచ్చిపడింది.

తెల్లవారి లేచేసరికి దూరంగా దబ్బుదబ్బుమని శబ్దాలు. నాన్న మేడెక్కి చూసి దిగొచ్చి గేటుకు గొలుసు వేశాడు. టెలిఫోన్ ఎత్తితే ఊరికి లైను కలవలేదు. ఆ తర్వాత ఎన్ని రోజులు తిప్పినా కలవలేదు. అమ్మకు చిన్నాయన ఏమయ్యాడోనన్న బెంగ.

మధ్యాహ్నానికి ఆయనే వచ్చాడు. సబ్హాన్ నుంచి నిప్పులు చెరిగే ఎండలో నడిచి వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. భుజం మీద టూ ఇన్ వన్.

నాన్న అంతగా అరవడం నేను అదే మొదటిసారి వినడం. "గ్యారేజీ పక్కనే గదరా బియ్యం గోడౌను! ఒక మూట ఎత్తుకోనొచ్చేది పోయి ఈ డబ్బా మోసుకోనొస్తివా?"

"బియ్యం ఎవురన్నా ఇస్తారునా," అన్నాడు చిన్నాయన, చెంబెడు నీళ్ళు గుటగుటా తాగి. "ఈ కేసెట్టు ఎవురిస్తారు?"

అమ్మ ఆయన తల తుడుస్తూ నవ్వి, అంతలోనే ఏడ్చేసింది.

పక్క ఇళ్ళలో యజమానులు లేని పనిమనుషులు, డ్రైవర్లు ఒక్కొక్కరే మా ఇంటికి చేరారు. ఆ ఇంటి కింద సర్దాబు ఉండేది, నేల మాళిగ. ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. అందరం అక్కడే. అమ్మ అందరికీ ఒకటే షరతు పెట్టింది: మామా వాళ్ళ బీరువాలు, సామాన్లు, పిల్లల బొమ్మలు ఎవరూ ముట్టుకోకూడదు. తిండి సరుకులు మాత్రం వండుతుంది, అవి మనుషులు తినడానికే కాబట్టి. ఉన్న బియ్యంలో పప్పు కలిపి పలచగా వండేది. నాన్న, చిన్నాయన రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి ఖుబ్జ్ తెచ్చేవారు. ఆ వేడి రొట్టె మీద ఊరిబిండి రాసుకుని తిన్న రుచి నాకు మళ్ళీ దొరకలేదు. నేను మాత్రం పాలపొడి డబ్బాలో వేలు ముంచి నాకేదాన్ని. డబ్బా తరుగుతోందని అమ్మ ఎలకల మీద అనుమానపడేది.

అందరికీ ఒకటే దిగులు. మనం బతికున్నామని ఇంట్లో వాళ్ళకు ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది, నాన్నకూ చిన్నాయనకూ తల్లి. ఇద్దరు కొడుకులూ ఇక్కడే ఇరుక్కున్నారు. అవ్వకు కోపమొచ్చినా దిగులొచ్చినా ముందు అన్నం మానేస్తుంది. "మా యమ్మ తినకుండానే పోతాది," అని చిన్నాయన ఒక రోజు గోడవైపు తిరిగి అన్నాడు. అంత గొంతున్న మనిషి అంత మెల్లగా మాట్లాడితే నాకు టాంకుల శబ్దం కంటే ఎక్కువ భయమేసింది.

అప్పుడు టైలర్ భాయ్ వచ్చాడు. రాయచోటి మనిషే, సల్వాలో బట్టలు కుట్టేవాడు. నాన్నను అన్నా అని పిలిచేవాడు. భార్యకు నెలలు నిండుతున్నాయని, తెలిసినవాళ్ళ వ్యానులో చోటు దొరికిందని, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి ఊరికి పోతామని చెప్పాడు.

"ఏమన్నా చెప్పాలంటే చెప్పండి. కాగితాలు మాత్రం ఇయ్యొద్దు," అన్నాడు భాయ్. "దారిలో సైనికులు ఆపి ఒకో కాగితం చదివిస్తాండారంట. ఏం రాసినారని గుచ్చి గుచ్చి అడుగుతారు."

"కేసెట్టు?" అంది ఒక పనిమనిషి.

భాయ్ ఆలోచించాడు. "దాచిపెడితే అనుమానం. వ్యాను స్టీరియోలోనే పెట్టుకోని పోతే ఎవురడుగుతారు? కానీ నొక్కంగానే పాట రావాల. మాటలొస్తే మాత్రం ఖలాస్."

ఎవరి దగ్గరా కేసెట్టు లేదు. మాట్లాడినవన్నీ ఎప్పటికప్పుడు ఊళ్ళకు పోయాయి. అంగళ్ళు దోచేశారు. భాయ్ దగ్గర ఖురాన్ కేసెట్లున్నాయి, వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. పైన మామా పిల్లల కేసెట్లు అలమర నిండా ఉన్నాయి. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

అప్పుడు అందరి చూపులూ చిన్నాయన జేబు మీదికి పోయాయి. ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. ఆ కేసెట్టు ఆయనకేమిటో అందరికీ తెలుసు.

చిన్నాయన లేచి బయటికి పోయాడు. అలిగాడనుకున్నాం. కాసేపటికి తిరిగొచ్చాడు, చేతిలో గాయాలకు అంటించే ప్లాస్టర్ ముక్క ఉంది. తాను విరిచేసిన ఆ పళ్ళ చోట, ఆ గుంటల మీద దాన్ని వేలితో నొక్కి నొక్కి అంటించాడు. అట్లా మూసేస్తే కేసెట్టు మళ్ళీ రికార్డుకు పనికొస్తుంది.

"మొదటి పాట ముట్టుకోను. అది దారికి కావాల," అన్నాడు. "మిగతావి మనిషికొక పాట. పల్లవి, రెండు చరణాలు. అంతే మీ టైము."

*

ఆ మధ్యాహ్నం సర్దాబులో జరిగింది నేను చచ్చేదాకా మరిచిపోను.

వెనక వైపు నుంచి మొదలుపెట్టాడు. ముందు పోయినవి కోటు పాటలు. "ఇవి పోతే పోనీలే, ఇవి ఆడనూలేదు," అని అందరినీ నవ్వించాడు. రెండు బటన్లు కలిపి నొక్కి చేయి ఊపేవాడు, మనిషి మాట్లాడేవాడు. మాట్లాడుతున్నంతసేపూ చిన్నాయన పెదవులు కదిలేవి. శబ్దం లేకుండా, చెరిగిపోతున్న ఆ పాటను ఆయన లోపల పాడుకునేవాడు. వాయిద్యాలు వచ్చే చోట వేళ్ళతో మోకాలి మీద దరువు వేసేవాడు. రెండో చరణం అయిపోవస్తుంటే చేయి పైకెత్తేవాడు. మనిషి మాట ముగించగానే బటన్ ఆపేవాడు. అందుకే ప్రతి మాట చివరా పాట తోక కొంచెం మిగిలిపోయింది.

ఒకాయన భార్యాబిడ్డలు ఎలా ఉన్నారని కూడా అడగకుండా, "చెనిక్కాయ ఇత్తనం అమ్మొద్దు. మోటరు తడవకుండా గోనెపట్ట కప్పండి," అని మొదటి చరణం దాకా వ్యవసాయమే చెప్పాడు. చిన్నాయన కళ్ళెర్రజేస్తే, "ఆ, నేను బతికే ఉండా," అని కలిపాడు. ఒక పనిమనిషి పల్లవంతా ఏడ్చి, చరణంలో బిడ్డను బడి మాన్పించొద్దని చెప్పింది. తిరునాళ్ళ పాట పోయింది. ప్రేమ పాటలు పోయాయి. ఒక్కో పాటకు ఒక్కో ఇల్లు.

చివరికి రెండే మిగిలాయి. దారికి కావలసిన పడవ పాట, దాని తర్వాతి అమ్మ పాట. ఇంటివాళ్ళం కాబట్టి అమ్మ అందరినీ ముందు మాట్లాడనిచ్చింది. ఇక మేమే మిగిలాం.

"వద్దులే అబ్బీ," అంది అమ్మ. "అందురూ చెప్పినారు గదా, సల్వాలో ఉండాం, బాగుండామని. అత్తకు వాళ్ళే చెప్తారు. ఆ పాటన్నా ఉండనీ."

"అమ్మ మీద పాట వదినా," అన్నాడు చిన్నాయన. "అమ్మకు గాకుండా దేనికి?"

అమ్మ మైకు దగ్గర ముఖం పెట్టింది. "అత్తా, మేం బాగుండాం. నీ కొడుకులు ఇద్దురూ నా కండ్ల ముందరే ఉండారు. పాప బాగుంది. ఈడ తిండికి కరువు లేదు. నువ్వు అన్నం మానొద్దు. మేమొచ్చేటప్పటికి నువ్వు లేచి తలుపు తియ్యాల. నేను సంగటి చేస్తా, నువ్వు ఊరిబిండి నూరుదువు." అంతే. మొదటి చరణం సరిపోయింది. మిగతా సగం నాన్నకు వదిలి పక్కకు జరిగింది.

నాన్న వంగి కూర్చున్నాడు. "అమ్మా," అన్నాడు. "అన్నం తింటివా?"

ఆ తర్వాత మాట రాలేదు. టేపు తిరుగుతూనే ఉంది. నాన్న ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తున్నాడు. అక్కడ పోతున్నది చిన్నాయన ప్రాణం పెట్టుకున్న చరణం. ఒక్క మాట కూడా లేకుండా పోతోంది. ఆయన ఆపనూ లేదు, తొందరపెట్టనూ లేదు. పెదవులు కదుపుతూ కూర్చున్నాడు.

నేనేమో, అందరి కళ్ళూ నాన్న మీద ఉన్నాయి కదా అని నోటినిండా పాలపొడి వేసుకున్నాను. అది గొంతుకు అడ్డం పడింది. ఆపుకోలేక ఖళ్ళుఖళ్ళుమని దగ్గాను. ముక్కులోంచి కూడా పాలపొడి వచ్చింది. ఇన్నాళ్ళూ తిన్న ఎలక ఎవరో అమ్మకు అప్పుడు తెలిసింది. చిన్నాయన చేయి పైకెత్తి, బటన్ ఆపి, నన్ను కొరకొరా చూశాడు.

"నువ్వు మాట్లాడలేదు గదా?" అని అమ్మ ఆయన్ను అడిగింది.

"నాకు పాట యాడుంది వదినా?" అని కేసెట్టు తీసి ప్లాస్టర్ పీకేశాడు.

*

దారిలో జరిగింది మాకు తర్వాత భాయ్ చెప్పాడు. ఆయన అది ఎన్నిసార్లు చెప్పినా చేతులతో నటించి చూపేవాడు.

ఒక చోట సైనికుడు వ్యాను ఆపి స్టీరియో బటన్ నొక్కాడు. 'ఏలేలో' అని పడవ పాట వచ్చింది. కుర్రవాడు, మీసం సరిగ్గా రాలేదు. తల ఊపుతూ మొత్తం విన్నాడు. బాగుందన్నాడు. కేసెట్టు తీసుకుంటానన్నాడు. ఇవ్వనంటే ఏమవుతుందో తెలియదు. ఇస్తే ఇంతమంది గొంతులు పోతాయి. ఇంతలో పాట అయిపోయి మా అమ్మ గొంతు వచ్చింది.

ఎవరీమె అని అడిగాడట సైనికుడు. అబద్ధం చెప్పడానికి భాయ్‌కి ఏదీ తోచలేదు. తల్లికి చెప్పి పంపుతున్నారని నిజమే చెప్పాడు. సైనికుడు వింటూనే ఉన్నాడు. నాన్న మాట రాకుండా కూర్చున్న చోట దాకా విన్నాడు. ఆ మాట్లాడనివాడు ఎవడు అని అడిగితే, కొడుకు అన్నాడు భాయ్. సైనికుడు కేసెట్టు తీసి తన చొక్కాకు తుడిచి భాయ్ చేతిలో పెట్టాడు. "యల్లా," అని పక్కకు తప్పుకున్నాడు.

*

మేము ఆ తర్వాత చాలా రోజులకు, అదే దారిన, బస్సుల్లో, గుడారాల్లో, చివరికి విమానంలో ఊరు చేరాం. వెళ్ళేముందు అమ్మ మామా ఇల్లంతా ఊడ్చి తాళాలు వేసింది. నేను దారంతా భయపడుతూనే ఉన్నాను, అవ్వ ఉంటుందో లేదో అని. ఇంటి ముందు బండి దిగేసరికి లోపలి నుంచి 'ఏలేలో' అని పాట వినపడింది. చిన్నాయన మెట్టు మీదే కూలబడిపోయాడు.

అవ్వ తలుపు తీసింది. చేతికి ఊరిబిండి అంటుకుని ఉంది.

తర్వాత ఊళ్ళో వాళ్ళు చెప్పారు. భాయ్ కేసెట్టు తెచ్చేదాకా అవ్వ గంజి తప్ప ముట్టలేదట. కేసెట్టు మొదట మా ఇంట్లోనే పెట్టారు. అమ్మ మాటలు విని అవ్వ నమ్మలేదట. "కోడలు నేను బయపడకుండా ఏమన్నా చెప్తాది," అన్నదట. నాన్న ఊపిరి వినపడగానే అందరినీ నోరు మూసుకోమంది. "ఇనండి, పెద్దోడు. వాడు చిన్నప్పుడూ ఇంతే, ఏడుపొస్తే ముక్కుతో గాలి పీలుస్తాడు." నా దగ్గు విని, "నా మనవరాలు. దొంగముండ, ఏందో మింగుతాంది," అని నవ్విందట.

"మరి చిన్నోడు మాట్లాడలేదే అవ్వా?" అని ఎవరో అడిగారట, అడగకూడని మాట.

అవ్వ కేసెట్టు మొదటికి తిప్పించింది. పడవ పాట చివరిదాకా విన్నది. "ఈ పాటొక్కటీ ఎవురూ చెరపలేదు. దీనికి కాపలా ఉండాడంటే, వాడుండాడు," అన్నదట. ఆ పూటే అన్నం పెట్టించుకుని తిన్నది.

ఆ కేసెట్టు ఎన్ని ఇళ్ళు తిరిగిందో చెప్పలేను. టీ అంగడిలో మైకుకు తగిలించి వినిపించారు. తెగితే అతికించారు, మళ్ళీ తిప్పారు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ హీరో పాటలు అందరికీ తోకలే తెలుసు. తోకకు ముందు ఎవరి మాట వస్తుందో కూడా తెలుసు. చెనిక్కాయ ఇత్తనం, మోటరు, గోనెపట్ట. చివరికి టేపు అరిగిపోయి గరగర తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకో కేసెట్టు ఎక్కించుకోరాదా అని ఎవరైనా అంటే చిన్నాయన, "పాటలు ఎక్కడన్నా దొరుకుతాయి," అనేవాడు.

యుద్ధం ముగిశాక మామా వాళ్ళు కబురు పెట్టి అమ్మానాన్నల్ని మళ్ళీ పిలిపించుకున్నారు. చెంచా కూడా పోలేదని ఆమె అమ్మను కావిలించుకుందట. ఇప్పుడు అవ్వ లేదు, అమ్మ లేదు, నాన్నా లేడు. హీరో సినిమాలు ఆగిపోయి ఎంతో కాలమైంది.

*

ఇక ఆ శుక్రవారం సంగతి. ఆర్కెస్ట్రా మొదలుపెట్టింది అమ్మ పాట.

నేను ఆ పాట మొదటి నుంచి వినక ఒక జీవితమైంది. పెద్దాయన మైకు ముందు నిలబడ్డాడు. పాడేది పక్కనున్న గాయకుడు. ఈయన పెదవులు మాత్రం కదుపుతున్నాడు, తెర మీద కదిపినట్టే. నాకు ఆ పెదవులు ఎక్కడో చూసినట్టే అనిపించింది. సర్దాబులో చూశాను.

చిన్నాయనకు వీడియో కాల్ కలిపి ఫోను ఎత్తి పట్టుకున్నాను. తెరలో చిన్నాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పాడతాడనుకున్నాను. పాడలేదు.

"అత్తా, మేం బాగుండాం," అన్నాడు.

ఇయర్‌ఫోన్ చెవిలోకి నొక్కుకున్నాను. "నీ కొడుకులు ఇద్దురూ నా కండ్ల ముందరే ఉండారు. పాప బాగుంది. ఈడ తిండికి కరువు లేదు." మా అమ్మ మాటలు ఒక్కటి కూడా పొల్లుపోలేదు. మొదటి చరణం ముగిసే చోటికి ఊరిబిండి వచ్చేసింది. రెండో చరణం మొదలైంది. "అమ్మా, అన్నం తింటివా?" అన్నాడు చిన్నాయన, నాన్న గొంతులాగే మెల్లగా. ఆ తర్వాత మాట్లాడలేదు. హాలంతా పాట మోగుతోంది. నా చెవిలో మాత్రం ముక్కుతో గాలి పీలుస్తున్న శబ్దం.

ఎక్కడ దగ్గాలో నాకు తెలుసు. గట్టిగా, హాలు సగం వినపడేలా దగ్గాను. స్టేజీ మీద పెద్దాయన కూడా ఒకసారి ఇటు చూశాడు. పక్క సీటు అమ్మాయి కంగారుగా నీళ్ళ సీసా అందించింది.

ఫోన్లో చిన్నాయన నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. "దొంగముండ," అన్నాడు. అని చేయి పైకెత్తాడు. అప్పుడు పాట తోక వచ్చింది, మా అందరికీ తెలిసినది. అది మాత్రం పెద్దాయన స్టేజీ మీద, చిన్నాయన అరుగు మీద, నేను మొదటి వరసలో, ముగ్గురం కలిసి పాడాం.